తల ఆవిడకి, మొండెం మా అమ్మకి

మొన్న పొద్దున్న మా మరదలు నోరా ఐర్లండ్ నుంచి ఫోన్ చేసి, వాళ్ళ అమ్మమ్మ పోయిందని చెప్పింది. ఫోన్ తీసింది మా అమ్మ. "అయ్యో తల్లీ" అంది, ఆ తర్వాత అనాల్సింది ఇంగ్లీషులో దొరక్క ఫోన్ నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేను మాట్లాడి వచ్చేసరికి, ఏసీ పెట్టె వెనక నీడలో ఉండే తల లేని బొమ్మని బయటికి తీసి, మస్కట్‌లో మా రూవి పేట ఎండలో పిట్టగోడ మీద నిలబెడుతోంది. ఎదురు బిల్డింగులో బట్టలు ఆరేసుకుంటున్న మలయాళీ ఆవిడ ఆ మొండేన్ని చూసి, మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి వెళ్ళింది.

ఆ బొమ్మ సంగతి చెప్పాలంటే పోయినావిడ సంగతి చెప్పాలి. పేరు మాత్రం రాయను. ఆ పేరులో రాసే అక్షరాలు వేరు, పలికేవి వేరు. మా ఇంట్లో ఎవరం ఒక్కసారైనా సరిగ్గా పలికిన పాపాన పోలేదు. అందరికీ ఆవిడ అమ్మమ్మగారే.

మనిషి పొట్టి. ఎనభై దాటినా నడక చురుకు. ఉన్ని స్వెట్టరు, దాని మీద ఎండలో కూడా విప్పని రెయిన్‌కోటు, మోచేతికి నల్ల హ్యాండ్‌బ్యాగు. ఎవరు ఎదురుపడినా ముందు ఆ బ్యాగులోంచి పిప్పరమెంటు తీసి చేతిలో పెట్టేది, ఆ తర్వాతే మాట. కడుపు నిండా తిన్నామని చెప్పినా ఒప్పుకునేది కాదు. ఏ సంగతి అడిగినా "గ్రాండ్" అనేది. మనకి గ్రాండ్ అంటే బ్యాండుమేళం, ఐదొందల మందికి భోజనాలు. ఆవిడకి మాత్రం 'పర్లేదు, నడుస్తుంది' అని. టీ గ్రాండ్, విమానం గ్రాండ్, మోకాలి నొప్పి గ్రాండ్.

పొద్దున్నే ఒంటరి కాకి కనపడితే ఆగి, నుదుటికి చెయ్యి ఆనించి, "మీ ఆవిడ కులాసానా?" అని అడిగేది. ఒంటరి పిట్ట కనపడితే అశుభమట, అలా పలకరిస్తే దోషం పోతుందట. వాళ్ళ ఊళ్ళో అది వేరే పిట్ట. పెళ్ళికి వచ్చిన సలాలాలో ఆ పిట్ట లేక కాకితో సరిపెట్టుకుంది. మా అమ్మ అది చూసి చాలా సంతోషించింది. "వాళ్ళకీ పితృదేవతలున్నారే" అంది నాతో.

పదిహేనేళ్ళుగా ఆఫీసులో నేను ఇంగ్లీషులోనే పోట్లాడుతున్నాను. అయినా ఆవిడ మాట్లాడితే మూడు మాటలకి ఒకటి అందేది. అమ్మకి ఆ బాధ లేదు. అమ్మ తెలుగులో చెప్పేది, ఆవిడ తన ధోరణిలో చెప్పేది, ఇద్దరూ తలలూపుకునేవారు. మధ్యలో నేను అనువాదం చెయ్యబోతే ఇద్దరూ నన్ను విసుక్కునేవారు.

మా తమ్ముడు శ్రీను సలాలా పక్కనే ఉన్న రైసూత్ పోర్టులో క్రేన్ల మరమ్మతు చూస్తాడు. నోరా సలాలాలో నర్సుగా చేసేది. వేలు నలిగి ఆసుపత్రికి వెళ్ళినవాడు కట్టు విప్పే రోజుకి పెళ్ళి మాట దాకా వెళ్ళాడు. అమ్మ ఒప్పుకోలేదు. నెలల తరబడి అన్నం సహించడం లేదంది, అంటూనే రెండుపూటలా పెరుగన్నం దాకా తినేది. అటు అమ్మమ్మగారూ తక్కువ తినలేదు. తల్లి చిన్నప్పుడే పోతే నోరాని పెంచింది ఆవిడే. పక్క ఊళ్ళో పాతిక ఆవులున్న కుర్రాణ్ణి మనవరాలికి ఎప్పుడో చూసి పెట్టుకుంది. క్రేన్లున్నవాడు వస్తాడని అనుకోలేదు. చివరికి పిల్లల పట్టుదల ముందు పెద్దవాళ్ళిద్దరూ దిగొచ్చారు. కాగితాల పెళ్ళి తర్వాత ఐర్లండులో, మనుషుల పెళ్ళి ముందు సలాలాలో అని తీర్మానమైంది.

నోరాకి సెలవు దొరికింది ఖరీఫ్‌లో. మనకి ఖరీఫ్ అంటే పంట. ఇక్కడ సలాలా వానాకాలం. దేశమంతా మాడిపోతుంటే ఆ ఒక్క ఊళ్ళో మంచు కమ్మి, కొండలు పచ్చబడి, తుంపర పడుతూనే ఉంటుంది. ఆ తుంపరలో తడవడానికి మస్కట్ జనం ఎడారి మీదుగా రోజంతా కార్లలో పోతారు. మేమూ అలాగే పోయాం. ఊరి బయట కొబ్బరితోటలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వరండాలో నిలబడి అమ్మ, "అచ్చం మా కోనసీమే" అంది. పక్కనే అమ్మమ్మగారు ఆ కొండనీ ఆ మంచునీ చూపిస్తూ అచ్చం తమ జిల్లాయేనంటోంది. ఇద్దరి వేళ్ళూ ఒకే కొండ వైపు చూపిస్తున్నాయి.

కారు దిగగానే శ్రీను అమ్మని పక్కకి తీసుకెళ్ళి మెల్లిగా చెప్పాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఈ నాలుగు రోజులూ ఏమీ అనకు, ఏమీ చెయ్యకు. నీకీ పెళ్ళి ఇష్టం లేదని వాళ్ళందరికీ తెలుసు. ఏ చిన్నది జరిగినా నువ్వే కావాలని చేశావంటారు."

అమ్మ ముఖం చిన్నబోయింది. సరేనంది. అమ్మ సరేనన్నదంటే నాకు భయం.

నోరాది కొత్త తరం. పెళ్ళి ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, తంతు ఉండకూడదు, తన స్నేహితురాలే నాలుగు మంచి మాటలు చదివి పెళ్ళి జరిపిస్తుంది అని చెప్పింది. పెద్దల తృప్తికి ఇరువైపులా ఒక్కొక్క ఆచారం మాత్రం ఒప్పుకుంటానంది. అమ్మ జీలకర్ర బెల్లం కోరుకుంది. అమ్మమ్మగారు చేతులు కట్టే తాడు కోరుకుంది: వధూవరుల చేతులు కలిపి, రంగుల తాడుతో ముడి వేస్తారు. "మన కొంగుముడే, కాస్త పైకి జరిపారు" అని అమ్మ ఆమోదించింది.

ఒక్కటే అంటే ఒక్కటే అని ఒప్పుకున్న ఆ ఇద్దరు మహాతల్లుల సామాన్లు నేను చూశాను. అమ్మ సంచిలో తలంబ్రాల బియ్యం, మెట్టెలు, అడ్డుతెర, పూలదండలు. అమ్మమ్మగారి పెట్టెలో గుర్రపు లాడం, గంటలు, పెళ్ళికూతురు పట్టుకునే లేసు రుమాలు, ఉప్పు కలిపిన ఓట్స్ పిండి. పెళ్ళి కాగానే దంపతులిద్దరూ ఆ ఉప్పు జావ మూడు చెంచాలు తాగితే ఎవరి దిష్టీ తగలదట. అమ్మ చాలాసేపు ఆలోచించింది. మనం ఉప్పు తిప్పి పారేస్తాం, వీళ్ళు తినేస్తారు, వస్తువు వృథా కాదు అని మెచ్చుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, బొమ్మ ఒక ఎత్తు. మొదటి సాయంత్రమే అమ్మమ్మగారు హ్యాండ్‌బ్యాగులోంచి తువ్వాలు చుట్టిన బాలయేసు విగ్రహం తీసింది. జానెడు ఉంటుంది. ఎర్ర అంగీ, బంగారు కిరీటం, చేతిలో గుండ్రటి లోకం. తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో, తుంపరలో నిలబెట్టి వచ్చేసింది. పెళ్ళికి ముందు ఆ బాలుణ్ణి ఆరుబయట పెడితే పెళ్ళిరోజు వాన పడదట. వాళ్ళ దేశంలో ఇది ఇంటింటా ఉన్నదేనని నోరా నవ్వుతూ చెప్పింది.

అమ్మకి ఇందులో రెండు అభ్యంతరాలు. ఒకటి, పెళ్ళిలో వాన పడితే శుభం కదా, ఆపడమేమిటి. రెండోది అసలుది. "చంటిబిడ్డని అలా వానలో నిలబెడతారుటే? చేతిలో బంతి పెట్టుకుని ఎంత ముద్దుగా ఉన్నాడు. జలుబు చెయ్యదూ?"

విగ్రహానికి జలుబేమిటని అడిగితే, మన దేవుళ్ళకి చలికాలం శాలువా కప్పడం లేదా అని నా నోరు మూయించింది. తెల్లవారకుండానే వెళ్ళి బొమ్మని లోపలికి తెచ్చి, తువ్వాలుతో తుడిచి, వంటింటి గూట్లో పెట్టి, ముందు ఒక అరటిపండు ఉంచింది. అమ్మమ్మగారు లేచి వచ్చి చూసి, మళ్ళీ అరటిచెట్టు దగ్గర పెట్టింది. అరటిపండు తను తినేసింది. మర్నాడూ అంతే. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడితే నవ్వుకునేవారు, బొమ్మ మాట ఎత్తేవారు కాదు. ఆ బాలుడు రెండు రోజులు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు.

పెళ్ళిరోజు తెల్లారి నేను కాఫీ కోసం లేస్తే అమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళకి బురద. ఒళ్ళో బొమ్మ ఉంది, బొమ్మకి తల లేదు. తల అమ్మ గుప్పిట్లో ఉంది. తడి మెట్టు మీద కాలు జారిందట. తను పడ్డా ఫర్వాలేదని బొమ్మని పైకి ఎత్తి పట్టుకుందట. అక్కడి నుంచే అది చేయి జారింది.

"వీడి తల తీసేశానే" అంది. "పెళ్ళినాడు. వాళ్ళ దేవుడిది."

మనవైపు భిన్నమైన విగ్రహం కళ్ళబడితేనే ఏదో జరుగుతుందని హడలిపోతాం. ఇక్కడేమో పెళ్ళి ముహూర్తానికి మూడు గంటలుంది. పైగా ఈ పెళ్ళి వద్దని నెలల తరబడి ఏడ్చిన మనిషి చేతిలో విరిగింది. జారిపడిందంటే ఎవరు నమ్ముతారు? అసలు శ్రీనే నమ్మడు.

వంటింట్లో ఫెవిక్విక్ ఉంది, చిటికెలో అతికించేద్దాం, అంగీ మెడపట్టీ దగ్గరే విరిగింది కాబట్టి గీత కూడా కనపడదు అన్నాను. అమ్మ కాసేపు తలనీ మొండేన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఆశపడింది కూడా. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వద్దే. అతికించి దాచిపెట్టి, ఆవిడ పిల్లని మన ఇంటికి తెచ్చుకోమంటావా? పెళ్ళి కాకముందే చెప్పెయ్యాలి. ఆగిపోతే ఆగిపోతుంది."

అలా అని లేచి, కొంగు నిండా కప్పుకుని, రెండు ముక్కలూ పట్టుకుని అమ్మమ్మగారి గది వైపు నడిచింది. నేను శ్రీనునీ నోరానీ లేపాను. వాడు సంగతి విని అమ్మ వైపు చూసిన చూపు ఉందే, అది అమ్మ బతికినంత కాలం మర్చిపోదు.

అమ్మమ్మగారు మంచం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. అమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపింది. ఒకదాంట్లో తల, ఒకదాంట్లో మొండెం. తెలుగులోనే చెప్పింది.

"నా చేతిలోనే విరిగిందమ్మా. వానలో తడుస్తున్నాడని తెస్తుంటే జారింది. కావాలని కాదు. నా కొడుకు మీద ఒట్టు."

నోరా ఇంగ్లీషులో చెప్పబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. దువ్వెన పక్కన పెట్టి, మొండెం తీసుకుని విరిగిన చోటు వేలితో తడిమింది. తల తీసుకుని, ముఖంలో ముఖం పెట్టి చూసింది. తర్వాత అమ్మని ఒక్క ప్రశ్న అడిగింది: నిజంగా పొరపాటునేనా? నోరా తెలుగు రాక నా వైపు చూసింది, నేను అమ్మకి చెప్పాను. అమ్మ దేవుడి మీద కూడా ఒట్టేసింది. ఏ దేవుడో చెప్పలేదు.

అమ్మమ్మగారు పెద్దగా నవ్వింది. మంచం కిర్రుమనేలా నవ్వి, అమ్మని పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, నోట్లో పిప్పరమెంటు కుక్కింది. మా ముగ్గురికీ మతి పోయింది.

నవ్వు తగ్గాక నోరా ద్వారా తెలిసింది. మామూలు బొమ్మకి వాన కొంతే ఆగుతుందట. తల విరిగిన బొమ్మదే అసలు మహిమ. అయితే తల దానంతట అది విరగాలి. కావాలని విరగ్గొడితే పనిచెయ్యదు. ఆవిడ పుట్టింటి బొమ్మని ఎప్పుడో ఒక బాతు తోసేసింది, ఆ ఇంట్లో ఏ పెళ్ళిలోనూ చినుకు పడలేదు. అత్తవారింట్లో దొరికిన ఈ బొమ్మే మొండిఘటం. కిటికీలోంచి పడింది, విరగలేదు. మేక కుమ్మింది, విరగలేదు. అల్మారా అంచున పెట్టి, దుమ్ము దులిపేటప్పుడు ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేదట, అయినా విరగలేదు. నోరా తల్లి పెళ్ళిలో కుండపోత. పందిరి కూలి కేకు మీద పడింది. ఆ పిల్ల ఎక్కువ కాలం బతకలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని ఆవిడకి తెలుసు. అయినా నోరా పెళ్ళికి చినుకు పడకూడదని అప్పుడే అనుకుందట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు. అమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

అమ్మ అప్పుడు ఏడ్చింది. వాన పడాలని రెండు రోజులుగా మొక్కుకుంటున్నది తనేనని నాకు తెలుసు. మొక్కు వెనక్కి తీసుకోవడం ఎలాగో అని గొణుక్కుంటూ వెళ్ళి ముఖం కడుక్కుంది. శ్రీను వెనకే వెళ్ళి అమ్మ చీరకంటిన బురద తడిగుడ్డతో తుడిచాడు.

పది గంటలకి మబ్బు విడిపోయింది. వారం రోజులుగా కనపడని సూర్యుడు ఒక్కసారి ఊడిపడ్డాడు. మస్కట్ నుంచి తుంపర కోసమే వచ్చిన చుట్టాలు, ఈ ఎండ మా రూవిలో లేదా అని గొణుక్కున్నారు. ఎండకి కేకు మీది క్రీము కారిపోయింది. అమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, అది తన చేతి చలవేనని చెప్పుకుంది. చేతులు కట్టారు, జీలకర్ర బెల్లం పెట్టారు, ఆ పైన ఇద్దరి సంచులూ తెరుచుకున్నాయి. ఇరవై నిమిషాల పెళ్ళి మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. ఉప్పు జావ తాగి శ్రీను పెట్టిన ముఖం ఇప్పటికీ ఫోటోలో ఉంది.

ఆ తర్వాత డ్యాన్సు. శ్రీనుతో పనిచేసే జగిత్యాల కుర్రాళ్ళు స్పీకరు పెట్టి తీన్‌మార్ మొదలుపెట్టారు. పెళ్ళికూతురు డ్యాన్సు చేసేటప్పుడు రెండు కాళ్ళూ ఒకేసారి నేల విడిస్తే గాలిలో తిరిగే దయ్యప్పిల్లలు ఎత్తుకుపోతారని అమ్మమ్మగారి భయం. తీన్‌మార్‌లో కాలు నేల మీద ఉండేదెప్పుడు? ఆవిడ కుర్చీ లాక్కుని మధ్యలోకి వచ్చి, నోరా గౌను అంచు మీద ఊతకర్ర గట్టిగా ఆనించి కూర్చుంది. నోరా ఎగరబోతే గౌను చిరిగేలా ఉంది. ఒక కుర్రాడు చేతులు జోడించాడు.

"అమ్మమ్మా, వదినెను ఒక్కసారి ఎగురనియ్యరాదు. మేమందరం ఉన్నం గద, ఎవడు ఎత్కపోతడు?"

ఆవిడకేం అర్థమైందో, వాడి చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టింది. కర్ర మాత్రం తీయలేదు. చివరికి రాజీ ఏమిటంటే, నోరా ఎగిరినప్పుడల్లా మా అమ్మ నడుం పట్టుకుని కిందికి లాగాలి. అమ్మ ఆ డ్యూటీ సాయంత్రం దాకా చేసింది.

ఆవిడ తిరుగు ప్రయాణం నాడు విగ్రహం ఎవరిదన్న పేచీ వచ్చింది. నీ చేతిలో విరిగింది, మహిమ నీది, నువ్వే ఉంచుకో అని ఆవిడ. భిన్నమైన విగ్రహం ఇంట్లో ఉండకూడదు, మీరే తీసుకెళ్ళండి అని అమ్మ. ఎయిర్‌పోర్టులో కూడా అటూ ఇటూ తోసుకున్నారు. చివరికి ఆవిడే తేల్చింది. తల రుమాల్లో చుట్టి బ్యాగులో వేసుకుంది. మొండెం తువ్వాలుతో సహా అమ్మ చేతిలో పెట్టి, ఒక పొట్లం పిప్పరమెంట్లు ఇచ్చి, "గ్రాండ్" అంది. అమ్మ కూడా "గ్రాండ్" అంది. ఇంట్లో ఉండకూడదు కాబట్టి మొండెం మా బాల్కనీలో, ఏసీ పెట్టె వెనక ఉండిపోయింది.

మూడేళ్ళు గడిచాయి. మొన్న ఫోన్‌లో నోరా నాకు ఇంకో మాట చెప్పింది. అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగులో ఆ తల అలాగే ఉందట. తనతో పాటు పెట్టెలో పెట్టమని ముందే చెప్పిందట, పిప్పరమెంట్లు కూడా. సమాధి చెయ్యడం ఈ రోజు. అక్కడ వారం నుంచీ ముసురట.

నేనిది చెప్పేసరికే అమ్మ బొమ్మని బయట పెట్టేసింది. మొన్న, నిన్న, ఈ రోజు అది పిట్టగోడ మీదే ఉంది. రూవిలో పెడితే ఐర్లండులో వాన ఎలా ఆగుతుందమ్మా అని అడిగాను.

"తల అక్కడే ఉందిగా" అంది అమ్మ. "మబ్బు ఎక్కడుందో వాడికి కనపడుతుంది."

సాయంత్రం నోరా ఫోన్ చేసింది. అందరూ గొడుగులు పట్టుకొచ్చారట. ఒక్కటీ తెరవలేదట. అది చెప్పి నోరా చాలాసేపు ఏడ్చింది.

అమ్మ బాల్కనీలోకి వెళ్ళి బొమ్మని తెచ్చింది. అంగీ మీద దుమ్ము తువ్వాలుతో తుడిచి, తిన్నగా దేవుడి గూట్లోకి తీసుకెళ్ళింది. వెంకటేశ్వరస్వామి పటాన్ని కాస్త పక్కకి జరిపి చోటు చేసింది.

భిన్నమైంది ఇంట్లో ఉండకూడదన్నావుగా అన్నాను.

"ఉండకూడదు" అంది. "కానీ ఆవిడ పోయాక వీడికింక ఎవరున్నారే?"

అలా అని, ఆ పాత పొట్లంలో మిగిలిన పిప్పరమెంటు ఒకటి తీసి నైవేద్యం పెట్టింది.